ఎడమ భుజం రైఫిల్

ఇప్పుడు అమీర్‌పేట చౌరస్తాలో తలెత్తితే మెట్రో స్తంభాలు కనిపిస్తాయి. మా రోజుల్లో బోర్డులు కనిపించేవి. జావా, ఒరాకిల్, టెస్టింగ్, ఒకదాని నెత్తిన ఒకటి. వాటి మధ్య ఎవరి కంటా పడకుండా ‘యానిమేషన్’ అని ఒక చిన్న బోర్డు ఉండేది. అందులో చేరిన ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ నా స్నేహితురాలూ. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఇద్దరిదీ ఒకటే గది. నాది తెనాలి వైపు, దానిది సిద్దిపేట వైపు. నేను వాగుడుకాయని. అది పది మాటలకి ఒక మాట చెప్పే రకం.

కోర్సు అయ్యాక నాకు ఒక టీవీ చానల్లో గ్రాఫిక్స్ పని దొరికింది. దానికి దొరకలేదు. వాళ్ల అన్నకి సనత్‌నగర్‌లో లేత్ షాపు ఉండేది. “గీ నెలల ఉద్యోగమొస్తే సరే, లేకుంటే షాపుల కూసొని ఫోన్లెత్తు” అని తేల్చి చెప్పేశాడు. ఆ షాపు కుర్చీ తలుచుకుంటేనే దానికి ముద్ద దిగేది కాదు. సరిగ్గా అప్పుడే పంజాగుట్టలో ఒక గేమింగ్ స్టూడియో టెస్టు ఇచ్చింది. ఒక బుల్‌పప్ రైఫిల్‌ని కంప్యూటర్లో బొమ్మగా తయారు చేయాలి. దానికి ఏ స్కోపు, ఏ లైటు, ఏ పిడి నప్పుతాయో మనమే ఎంచుకుని బిగించాలి.

బుల్‌పప్ అంటే పొట్టి తుపాకి. తూటాల పెట్టె ట్రిగ్గర్‌కి వెనక, దాదాపు చెంప కింద ఉంటుంది. ఇదంతా ఇంటర్నెట్ సెంటర్లో చదివి తెలుసుకున్నదే. మా ఇద్దరి ఇళ్లల్లోనూ దీపావళి తుపాకి తప్ప ఇంకోటి చూసినవాళ్లు లేరు.

అయినా నేను వేలు పెట్టకుండా ఉంటానా? “పెద్ద స్కోపు పెట్టవే, దర్జాగా ఉంటుంది. కింద రెండు కాళ్ల స్టాండు కూడా పెట్టు” అన్నాను.

“గింత పొట్టిగున్నది, ఇరుకు సందులల్ల తిరిగెటోనికి. వానికి దూరం జూసుడు దేనికి? నగలు పెట్టనీకి గిది పెండ్లిపిల్లనా?” అంది.

నాకు ఒళ్లు మండింది. కానీ అది చెప్పిందే నిజం. ఎర్ర చుక్క కనిపించే చిన్న అద్దం ఎంచుకుంది. తల నిటారుగా ఉన్నా కంటికి అందాలని దాని కింద ఒక దిమ్మె పెట్టింది. ముందు భాగం మరీ పొట్టిది కాబట్టి, చెయ్యి జారి గొట్టం మూతి మీదికి పోకుండా చిన్న అడ్డు పెట్టింది. స్టాండు పెట్టనే లేదు.

ఏది ఎక్కడ ఉండాలో తెలియడానికి మా దగ్గర ఉన్న తుపాకి నా పొడుగు గొడుగు. దానికి తూటాల పెట్టెగా టిఫిన్ డబ్బాని చున్నీతో కట్టాం. అది గొడుగుని భుజానికి ఆనించి గురి చూసేది. నేను ఎదురు మంచం మీద కూర్చుని, బొటనవేలు పడినచోట ఒక బొట్టుబిళ్ల, కన్ను ఆనినచోట ఒకటి అంటించేదాన్ని. ఆ బిళ్లల ప్రకారమే కంప్యూటర్లో ఒక్కొక్కటీ కూర్చింది. గొడుగుకి అన్ని బొట్లు చూసి హాస్టల్ ఆంటీ దండం పెట్టబోయింది.

అది రాసేదీ, మౌస్ పట్టేదీ ఎడమ చేత్తోనే. అన్నం ఒక్కటే కుడి చేత్తో తినేది. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ దాని ఎడమ చేతికి గుడ్డ చుట్టి, “జర మెల్లగ తిను, అలవాటైతది” అంటూ నేర్పిందట. ఇదంతా తెలిసి కూడా, గొడుగు దాని ఏ భుజం మీద ఉందో నేను పట్టించుకోలేదు. అదీ పట్టించుకోలేదు.

స్టూడియోకి తోడుగా నేనూ వెళ్లాను. అక్కడి పెద్దాయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశారు. స్కోపు ఎందుకు పెట్టలేదని అడిగి, జవాబు విని తలూపారు. లైటు బటన్ సరిగ్గా బొటనవేలి కిందే ఉందని మెచ్చుకున్నారు. తర్వాత ఆగిపోయారు.

“ఇదేంటమ్మా, మొత్తం తిరగబడింది? పేలాక ఖాళీ తూటాలు బయటికొచ్చే కిటికీ ఎడమ వైపుంది. బుల్‌పప్‌లో అది చెంప పక్కనే ఉంటుంది. మన హీరోది కుడిచేతి వాటం. కాలే తూటాలన్నీ వాడి మొహాన పడతాయి కదా.”

నాకు సనత్‌నగర్ కుర్చీ కళ్లముందు కనిపించింది. అది తన చేతుల వంక చూసుకుంది.

“నాది ఎడమ చెయ్యి సార్. నా భుజానికే పెట్టుకొని చేసిన.”

ఆయన నవ్వారు, ఎగతాళిగా కాదు. “నీకైతే ఇది కరెక్టే. గేమ్‌కి కుదరదు. ఒక్క క్లిక్కు పని, తిప్పెయ్యమ్మా.”

అది మౌస్‌ని ఎడమ వైపుకి లాక్కుని క్లిక్ చేసింది. కిటికీ, లైటు, బటన్ అన్నీ అటువి ఇటు మారిపోయాయి. “సోమవారం నుంచి వచ్చెయ్” అన్నారు ఆయన.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు. అది మాత్రం మూతి ముడుచుకుని నడుస్తోంది.

“ఏంటే, ఉద్యోగం వస్తే ఇలాగేనా ఉండేది?”

“వచ్చింది. మస్తు ఖుషీనే.” కొంత దూరం నడిచాక మళ్లీ అంది. “పుట్టినప్పటి సంది గిదే మాట. చెయ్యి మార్సు, చెయ్యి మార్సు. నాయనమ్మ అన్నది, బళ్లె సార్లన్నరు. ఇయ్యాల్ల తుపాకికి సుత మార్సిన.”

దాని ఎడమ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను.

అమీర్‌పేటకి వచ్చి బండి దగ్గర దోసెలు తీసుకున్నాం. అది ప్లేటుని కుడి చేతిలోకి మార్చుకుని, ఎడమ చేత్తో దోసె తుంచి నోట్లో పెట్టుకుంది. నలుగురిలో అలా తినడం నేనెప్పుడూ చూడలేదు. పక్కన తింటున్న పెద్దమనిషి అదోలా చూశాడు. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నేనూ ప్లేటు కుడి చేతిలోకి మార్చుకున్నాను. ఎడమ చేత్తో దోసె తుంచబోతే ముక్క రాలేదు, చట్నీ మొత్తం చున్నీ మీదికొచ్చింది.

పొద్దుటినుంచి నవ్వనిది అప్పుడు నవ్వింది.

“జర మెల్లగ తిను,” అంది, “అలవాటైతది.”