శనివారం చీరల సంత

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ సామెత పుట్టించినావిడకి కూడా నాకైనట్టే ఏదో అయి ఉంటుంది.

మా ఆయన ఉద్యోగం హజీరాలో. పెళ్ళయి సూరత్ వచ్చిన కొత్తలో గోంగూర ఎక్కడ దొరుకుతుందో చెప్పే దిక్కు లేక, ఇక్కడి తెలుగువాళ్ళ కోసం ఇంటర్నెట్‌లో ఒక చర్చా వేదిక పెట్టాను. పదకొండేళ్ళు ఒంటిచేత్తో నడిపాను. అద్దె ఇల్లు కావాలన్నా, పురోహితుడు కావాలన్నా అందరూ అక్కడే అడిగేవారు. సాయం చేసినవాళ్ళ పేరు పక్కన ధన్యవాదాలు నొక్కే ఏర్పాటు ఉంది. అందరికంటే ఎక్కువ ధన్యవాదాలు నావే. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ అంకె చూసుకునేదాన్ని. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది, కానీ చూసుకునేదాన్ని.

మాకు పట్టిన పీడ చీరలవాళ్ళు. గోంగూర గురించి ఎవరైనా అడిగితే దాని కింద రింగ్ రోడ్ దుకాణాలవాళ్ళు ఆరు చీరల ఫోటోలు పెట్టేవారు. ఒక పేరు తీసేస్తే ఇంకో పేరుతో దిగేవారు. వాళ్ళలో ఒకడు మరీ జిడ్డు. హిందీని ఏ యంత్రంలోనో వేసి తీసిన తెలుగులో రాసేవాడు. "ప్రియమైన సోదరీ, ఈ చీర నీ మీద పడుటకు ఎదురు చూచుచున్నది." ఎప్పుడూ ఆ సోదరితోనే మొదలు. ఎక్కడ ఫోన్ నంబరు కనిపించినా ఏరుకుని దానికీ ఫోటోలు పంపేవాడు. అతన్ని ఎన్నిసార్లు గెంటానో నాకే గుర్తులేదు.

పని పెరిగిందని తోడుగా ఒక అమ్మాయిని తీసుకున్నాను. ఇక్కడే సూరత్‌లో, ఉధ్నా పేటలో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ళ నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి మరమగ్గాల మీద పనిచేశాడు. తను రింగ్ రోడ్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో వీడియో కాల్‌లో చీరలు చూపించే ఉద్యోగం చేస్తుంది. వచ్చిన వారానికే నాకు పాఠం మొదలుపెట్టింది.

"ఆంటీ, గిట్ల ఒక్కొక్కటి తీస్కుంట కూసుంటే ఎన్నటికయితది? వాళ్ళకు ధందా కావాలె. శనివారం ఒక్క పేజీ ఇద్దాం, ఆడ పెట్టుకోమందాం. మిగతా రోజులు బంద్."

"దొంగ చేతికి తాళాలిస్తావా?" అన్నాను.

"నాకు ఇడిచిపెట్టుండ్రి ఆంటీ. ఆళ్ళు నాకెర్కనే."

ఫోటోలో చీర మడత, వెనక గోడ రంగు చూసి అది ఏ దుకాణమో చెప్పేసేది. భోజనం టైములో ఆ దుకాణాలకి వెళ్ళి, వాళ్ళతో టీ తాగి, మాట తీసుకుని వచ్చింది. మూడు వారాల్లో వేదిక అద్దంలా అయింది. శనివారం చీరల సంత కోసం ఆడవాళ్ళు ఎదురుచూడడం కూడా మొదలైంది. ఆ జిడ్డువాడు సైతం శనివారం వచ్చి సోదరీమణులను పిలుచుకుని బుద్ధిగా వెళ్ళిపోయేవాడు. పదకొండేళ్ళు నేను గెంటితే పోనివాడు, ఆమె ఒక కప్పు టీ తాగితే మాట విన్నాడు.

ధన్యవాదాలన్నీ అటు పోయాయి. ఒకరోజు కాఫీ వేళకి ఆమె అంకె నా అంకెని దాటేసింది. నాకు కడుపు మండిపోయింది. ఆ పిల్ల నవ్వు, ఆ "ఆంటీ", అన్నీ కంట్లో నలుసులే. "నీకు పని తగ్గిందిగా, సంతోషించు" అన్నారు మా ఆయన. ఆ పూట ఆయన పప్పులో ఉప్పు ఎక్కువైంది. కావాలని వెయ్యలేదు.

అప్పటినుంచి ఆ సంత ఎప్పుడు చెడుతుందా అని కాచుకుని కూర్చున్నాను. నిజంగానే ఒక శుక్రవారం సాయంత్రం కనబడింది. "అర్జెంట్. చీర కావాలె. జోల్వా." ఊరి పేరు పక్కనే ఫోన్ నంబరు. కింద ఇంకేదో బారెడు ఉంది. ఎప్పుడూ ఉండే సోదే అనుకున్నాను. తీసేశాను. పావుగంటకి మళ్ళీ అదే. మళ్ళీ తీసేశాను. నాలుగోసారి ముందు స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ తర్వాత ఆ సభ్యురాలినే గెంటేశాను. అంత సంతోషంగా నేనెప్పుడూ దేన్నీ తీసేయలేదు.

ఆ స్క్రీన్‌షాట్ అప్పుడే అమ్మాయికి పంపొచ్చు. పంపలేదు. శనివారం సంత మంచి రద్దీలో ఉన్నప్పుడైతే బాగా తగులుతుందని దాచుకున్నాను. మర్నాడు పదింటికి పంపాను. "చూశావా, శుక్రవారమే దిగారు నీ చుట్టాలు" అని రాశాను.

ఆమె దుకాణంలో పనిలో ఉన్నట్టుంది, ఒంటిగంటకి ఫోన్ చేసింది.

"ఆంటీ, మీరిది పూరా చదివిండ్రా?"

"చదవడానికేముంది, చీరలేగా."

"జర చదువుండ్రి."

చదివాను. "మా పక్క రూమామె భర్త సచ్చిపోయిండు. రేపు పొద్దుగాల పదకొండో దినం. ఆమెకు తల్లిగారోళ్ళు ఎవ్వరు లేరు. మేం ఆయన ఊరోళ్ళం, మేం కప్పరాదు. ఈడ చుట్టూత ఒడియావాళ్ళే. ఎవరన్నా తల్లిగారోళ్ళ లెక్క వచ్చి ఒక్క చీర కప్పుండ్రి. దండం పెడ్త."

భర్త పోయిన మనిషికి పుట్టింటి చీర పెట్టడం మా గోదావరి వైపూ ఉంది. మా పెద్దమ్మకి ఆ చీర తేవడానికి మా మావయ్య ఒంట్లో బాగాలేకపోయినా బస్సులో నిలబడి వచ్చాడు. ఆ చీర రాకపోతే, నీ వెనక ఎవరూ లేరని నలుగురిలో చెప్పినట్టే.

అమ్మాయి దుకాణంలో సెలవు చెప్పి, ఒక చీర కొనుక్కుని వచ్చింది. నేను బీరువాలోంచి కట్టని చీర ఒకటి తీసుకున్నాను. ఉధ్నాలో ఆటో ఎక్కాం. దారిలో ఒక్కటే అంది.

"నిన్ననే పంపుంటే నేను పోతుంటి ఆంటీ."

"నేనూ ఇవాళే చూశాను" అన్నాను. స్క్రీన్‌షాట్ మీద నిన్నటి సాయంత్రం టైము కనిపిస్తూనే ఉందని, అన్న తర్వాత గుర్తొచ్చింది.

జోల్వాలో మగ్గాల షెడ్డు వెనక వరసగా గదులు. గోడ అవతల మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి, గట్టిగా మాట్లాడితే తప్ప వినబడదు. భర్త పోయినామె చాప మీద కూర్చుని ఉంది. కార్యం అయిపోయింది. భుజాల మీద ఆవపువ్వు రంగు కొత్త చీర, ప్యాకెట్ మడతలు ఇంకా పోలేదు.

పోస్టు పెట్టిన పక్కింటామె చెప్పింది. "నాలుగుసార్లు పెట్టిన. ఎవరో పాపాత్ములు తీసేస్తనే ఉన్నరు. గంతల ఒకాయన నా ఫోన్ల చీరల ఫోటోలు పంపిండు. కోపమొచ్చి, హిందీల సంగతంత చెప్పుకొని ఏడ్చిన. పొద్దుగాల బండి మీద వచ్చిండు. మనోడు కాదు, తెలుగు రాదు. బెహెన్ అని చీర కప్పి, అంత అయ్యేదాంక తమ్ముని లెక్క నిలబడ్డడు."

ఫోన్‌లో నంబరు చూపించింది. ఆ నంబరు నాకు కంఠతా వచ్చు. ఆ జిడ్డువాడిదే. నేను తీసేసేలోపు దొరికిన ఆ కాసేపట్లో, అలవాటు కొద్దీ నంబరు ఏరుకున్నాడు.

సిగ్గు ముందు రావాలి. రాలేదు. ముందు వచ్చింది కుళ్ళే. నా వేదిక, నా తెలుగువాళ్ళు, నేను నిలబడాల్సిన చోట వాడు నిలబడ్డాడని.

అమ్మాయి తన చీర కప్పింది. తర్వాత నేను నాది కప్పాను. ఆమె తలెత్తి నన్ను చూసి, "గీమె ఎవరు బిడ్డా?" అని అమ్మాయిని అడిగింది.

ఆ పిల్ల ఏం చెప్పినా చెల్లుతుంది.

"మా అడ్మిన్ ఆంటీ. మీ పోస్టు నాకు పంపింది గీమెనే," అంది.

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. పక్కింటామె కూడా నాకు దండం పెట్టింది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.