గుడ్డ కింద నంబరు

నా చిన్నప్పుడు మా తాతయ్య నోటి నుంచి ఒక్క అంకె విన్న పాపాన పోలేదు. ఆయన పుంగనూరులో పశువుల దళారి. సంతలో ధర బయటికి చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పి, వేళ్లు నొక్కి బేరం తేలుస్తారు. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. ఎన్ని దోసెలు వేయాలని అవ్వ అడిగితే ఆమె చేతి మీద తువ్వాలు కప్పేవాడు. ఆమె అట్లకాడ చూపించేది.

అప్పుడప్పుడే మా వీధికి సెల్‌ఫోన్లు వస్తున్నాయి. పక్కింటి అక్క తన కమ్మలు అమ్మి, బస్టాండు దగ్గర చిన్న కొట్టు పెట్టి రీచార్జి కార్డుల కట్ట తెచ్చుకుంది. కార్డు మీది పూత గీకితే నంబరు కనబడుతుంది. దాన్ని ఎవరు ముందు ఫోన్లో కొడితే డబ్బు వాళ్లకే ఎక్కుతుంది. ఆ కట్ట పోతే అక్క కొట్టు మూసుకోవాల్సిందే.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కొట్లో ఉండగా ఫోన్ మోగింది. అవతలివాడు ఫోన్ కంపెనీ నుంచి అన్నాడు. మీ కట్టలో నకిలీ కార్డులు కలిశాయట, అన్నీ గీకి నంబర్లు చదవాలట, లేదంటే పోలీసులు వస్తారట. అక్క గబగబా కట్ట విప్పింది. ఇంగ్లీషు మీడియం దాన్నని ఫోన్ నాకిచ్చింది. నేను మొదటి కార్డు గీకి, బడిలో పద్యం అప్పజెప్పినట్టు గట్టిగా చదివాను. "వెరీ గుడ్ పాపా, తర్వాతది!" అన్నాడు. నేను పొంగిపోయి రెండోది గీకాను.

అప్పుడే వక్కాకు కోసం వచ్చిన తాతయ్య, నా నోట అంకెలు విని అదిరిపోయాడు. తువ్వాలు తీసి నా మీద, కార్డు మీద, ఫోన్ మీద కలిపి కప్పేశాడు.

"నడి బజార్లో నంబర్లు యాల అరస్తాండావు పాపా?"

"కంపెనీవాళ్లు అడగతాండారు తాతా," అంది అక్క ఏడుపు గొంతుతో.

తాతయ్య ఫోన్ లాక్కున్నాడు. "ఎవురప్పా నువ్వు? యా ఊరు? నంబరు కావల్లంటే ఈడికి రా. గుడ్డ కింద చెయ్యి పెట్టు, చెప్తా."

అవతలివాడు సార్, సార్ అని బతిమాలాడు, తర్వాత బెదిరించాడు. తాతయ్య మాత్రం చెయ్యి పెట్టమనే అన్నాడు. చివరికి వాడే ఫోన్ పెట్టేశాడు.

అక్క ఆ మొదటి కార్డు నంబరు కొట్టి చూస్తే అప్పటికే వాడేశారని వచ్చింది. అది మోసమని అప్పుడు తెలిసింది మాకు. తాతయ్యకు అదీ తెలియదు. సంత మర్యాద తెలియని మనిషని మాత్రమే అనుకున్నాడు. "చెయ్యి సూపించనోడితో బేరమేందమ్మా?" అన్నాడు అక్కతో.

నాకు సిగ్గుతో ఏడుపు ఆగలేదు. అక్క కమ్మల్లో కొంచెం నేనే పోగొట్టాను కదా. తాతయ్య నా చేతి మీద తువ్వాలు కప్పి, చిటికెన వేలు ఒకసారి నొక్కాడు. పోయింది ఒక్కటే. తర్వాత చెయ్యంతా గట్టిగా పట్టుకున్నాడు. మిగిలిందంతా ఉంది.

మొన్న ఒకడు ఫోన్ చేసి, నా బ్యాంకు కార్డు ఆగిపోతుందని, ఫోన్‌కు వచ్చిన నంబరు వెంటనే చెప్పమని కసిరాడు. నాకు భయం వేసింది. కానీ నోరు తెరిచేలోపే నా చెయ్యి కొంగు కిందికి పోయింది.

"ఈడికి రాప్పా, చెయ్యి పెట్టు, చెప్తా," అన్నాను.

వాడు ఫోన్ పెట్టేశాడు. కొంగు కింద నా చిటికెన వేలిని ఎవరో నొక్కినట్టే ఉండింది.