ఎల్లవ్వ ఊరి బస్సు

2022లో నేను వరంగల్‌లో ప్రభుత్వ రేడియోలో బుధవారం ఉదయం ఫోన్-ఇన్ కార్యక్రమం నడిపేదాన్ని. ఒక అధికారిని స్టూడియోలో కూర్చోబెడతాం. శ్రోతలు ఫోన్ చేసి సమస్య చెబుతారు, ఆయన లైవ్‌లో జవాబు చెప్పాలి. లైవ్ అంటే నోరు జారితే జారినట్టే, వెనక్కి తీసుకోలేం. అందుకే ఎంతటి అధికారికైనా మా ఏసీ గదిలో చెమటలు పట్టేవి. నిజం చెప్పాలంటే మా ఉద్యోగంలో ఉన్న వైభోగం అదొక్కటే.

ఆ రోజు బస్సు డిపో అధికారి వచ్చారు. పరకాల వైపు ఒక పల్లె నుంచి ఎల్లవ్వ అనే పెద్దామె లైన్లోకి వచ్చింది.

"కరోనప్పుడు మా ఊరి బస్సు బంద్ జేసిన్రు సారు, మల్ల ఎయ్యలే. నాకు కిడ్నీలు ఖరాబైనయ్. వారానికి రెండుసార్లు హన్మకొండ దవాఖానల డయాలసిస్ జేయించుకోవాలె. పెద్ద రోడ్డు దాంక నడుస్తాంటె కండ్లు తిరుగుతానయ్."

"తోడు ఎవరన్నా వస్తారా అవ్వా?" అని అడిగాను.

"ఎవలున్నరు బిడ్డా, నేనొక్కదాన్నే."

అధికారి "పరిశీలిస్తాం" అన్నారు. ఆ మాటతో వదిలిపెట్టే అలవాటు నాకు లేదు. ఎప్పటిలోగా అని లైవ్‌లోనే నిలదీశాను. తర్వాతి వారమే ఆ ఊరికి మళ్లీ బస్సు వెళ్లింది. నేనేదో రాజ్యం గెలిచినట్టు స్టేషనంతా తిరిగాను.

కొన్నాళ్లకు ఆమె మళ్లీ ఫోన్ చేసింది. ఆ వారం వచ్చింది వ్యవసాయాధికారి. వేరే సమస్య చెప్పేవాళ్లకు లైన్ కలపకూడదు. అయినా కలిపాను.

"సారుతోని పని లేదు బిడ్డా, మా ఊరోళ్లతోని మాట్లాడాలె. బస్సు ఖాళీగ వస్తాంది. మొగోళ్లు బండ్ల మీద పోతాండ్లు, ఆడోళ్లు ఆటోలల్ల పోతాండ్లు. జనం ఎక్కకుంటె మల్ల బంద్ జేస్తరని కండక్టర్ అంటాండు."

"ఊళ్లో మీరే చెప్పొచ్చు కదవ్వా?"

"చెప్పిన. అందరు సరే అన్నరు, ఎవలెక్కలే. రేడియోల చెప్తెనన్న ఇంటరేమోనని." ఆపై గొంతు పెంచింది. "అయ్యలారా, అమ్మలారా, జర బస్సెక్కున్రి. నా పానం దాని మీదనే ఉన్నది."

ఆ ఊరి వాళ్లెవరైనా ఫోన్ చేయమని పదే పదే అడిగాను. నర్సంపేట నుంచి, జనగామ నుంచి చేశారు. కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి ఒకాయన ఏడ్చినంత పని చేశాడు. ఫోన్ దీపం వెలిగినప్పుడల్లా ఆశపడ్డాను. ఆ ఊరి నుంచి మాత్రం ఒక్క ఫోనూ రాలేదు.

వానలు తగ్గేసరికి బస్సు ఆగిపోయింది. డిపో అధికారికి ఫోన్ చేశాను. "ఒక్క మనిషి కోసం బస్సు ఎట్ల నడుపుతం మేడమ్?" అన్నారు. ఈసారి నిలదీయకుండానే ఫోన్ పెట్టేశాను.

ఎల్లవ్వకు చేశాను. ఇంటికి తాళం వేసి, దవాఖాన దగ్గర చిన్న గది కిరాయికి తీసుకుందట.

"ఊళ్ల ఎవలూ ఆపలేదా అవ్వా?"

"లేదు బిడ్డా. సామాన్లు ఆటోల ఎక్కియ్యనీకి మాత్రం అందరొచ్చిన్రు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అధికారి చేత జవాబు చెప్పించడం ఈ ఉద్యోగం నాకు బాగానే నేర్పింది. కానీ ఊరి చేత జవాబు చెప్పించాలంటే స్టూడియోలో ఎవరిని కూర్చోబెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.