మా పెద్దోడికి సభ చేసిన మర్యాద

మొన్న శ్రావణంలో పోయిన నా పెద్దకొడుకు ఇరవై ఐదేండ్లు బడిపంతులు, ఊరి మంచిచెడ్డలకూ పెద్ద. వాణ్ణి తలుచుకుని ఆంధ్ర రాష్ట్రానికి కొత్త రాజధాని అయిన కర్నూలులో, శాసనసభలో అందరూ రెండు నిమిషాలు లేచి నిలబడ్డారట. ఆ సంగతి రాసిన కాగితాన్ని ఈ రోజు ఆళ్లగడ్డ తాలూకా కచేరీ బంట్రోతు తెచ్చాడు. పిల్లలకే కాక పెద్దలకూ అక్షరాలు దిద్దించి, ఊళ్లో వేలిముద్ర వేసేవాళ్లే లేకుండా చేశాడని అందులో ఉంది. బంట్రోతే గట్టిగా చదివి వినిపించాడు. చదవడం కాగానే సిరా పెట్టె తెరిచాడు.

"కాగితం ముట్టినట్టు ఈడ ఏలు పెట్టవ్వా."

"ఇప్పుడు నువ్వు చదివిందేందప్పా?"

"అది సభోళ్లు రాసింది. ఇది మా కచేరీ పద్ధతి. ముసలోళ్లకు ఏలిముద్రే."

"కలం ఇయ్యి."

ఇయ్యక తప్పలేదు. మావాడు నా చెయ్యి పట్టి నేర్పిన సంతకం అది. కండ్లలో నీళ్లు అడ్డమొచ్చి ఒక్కో అక్షరానికీ ఆగాను. పూర్తయ్యేదాకా బంట్రోతు నోరెత్తకుండా నిలబడ్డాడు.

సభవాళ్లు నిలబడింది రెండు నిమిషాలే. ఇతను అంతకన్నా ఎక్కువసేపే నిలబడ్డాడు. మావాడికి ఏది పెద్ద మర్యాదో మీరే చెప్పండి.