తొవ్వ మీద వేసిన ఆకుమండ

ఈ ప్రయాణానికి కారణం మా అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్న. నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఇప్పుడు చేతిలో ఉన్నది అమెరికా ఖండాలకు మొదట చేరిన మనుషుల కథ. మంచు యుగంలో సముద్రం దిగిపోయి ఆసియాకూ అమెరికాకూ మధ్య నేల బయటపడినప్పుడు, జంతువుల మందల వెంట నడిచి కొందరు అటు దాటారంటారు. తీరం వెంబడి పడవల్లో వెళ్ళినవాళ్ళూ ఉండవచ్చంటారు. ఎప్పుడు వెళ్ళారో, ఎన్ని విడతలుగా వెళ్ళారో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నేను మాత్రం మంచులో వరుసగా నడుస్తున్న ఒక కుటుంబాన్ని వేసి, మురిసిపోయి, తొమ్మిదేళ్ళ నిత్యకు చూపించాను. అది చాలాసేపు చూసి, "అమ్మా, వీళ్ళకు భయం వెయ్యదా?" అంది.

నిజమే, నా బొమ్మలో అందరూ పెళ్ళికి పోతున్నట్టు నడుస్తున్నారు. భయాన్ని బొమ్మలో పెట్టడం మరిచిపోయింది నేనా అని నాకే సిగ్గేసింది. ఎందుకంటే మా ఇంట్లో భయమంటే నేనే. తాడును చూసి పామనుకునే రకం. తన నీడను చూసి తానే జడుసుకుంటుందని మా ఆయన సుధాకర్ నలుగురిలో చెప్పి నవ్విస్తాడు. బల్మూర్ దగ్గర నల్లమల అంచున, తేనెకు పోయినప్పుడు అడవి కుటుంబాలు తలదాచుకునే ఒక రాతి చరియ ఉందని ఆయన స్నేహితుడొకరు చెప్పారు. అక్కడ కాసేపు కూర్చుంటే బొమ్మకు ప్రాణం వస్తుందేమో అనుకున్నాను. ఆ స్నేహితుడు అక్కడి పాఠశాలలో పనిచేస్తారు. అటవీ సిబ్బంది అనుమతి తీసుకుని, దారి చూపడానికి లింగమ్మ అనే ఆమెతో ముందే మాట్లాడి ఉంచారు.

మార్చి నెల. ముందు రోజు గద్వాలలో మా ఆడపడుచు ఇంట్లో దిగాం. పొద్దున ఆరింటికి కారెక్కుతుంటే ఆమె గుమ్మంలో నిలబడి, "అడవికా? పిల్లను తీస్కొనా? నీకేమన్న బుద్ధి ఉన్నదా వదినా?" అంది. నాకు అప్పుడే దిగిపోదామనిపించింది. కారు డీజిల్‌తో కలిపి రోజుకు నాలుగు వేలకు మాట్లాడుకున్నాం. డ్రైవరు వీరేష్ గద్వాల వాడే. ఎర్రవల్లి చౌరస్తాలో పెద్ద రోడ్డెక్కి, కృష్ణ వంతెన దాటేవరకు నేను ముందు సీటును గట్టిగా పట్టుకునే కూర్చున్నాను. లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా కళ్ళు మూసుకున్నాను.

పెబ్బేరులో ఆ రోజు పశువుల సంత. మీరు కూడా సంత రోజే వస్తే ఈ ఊరు దాటడానికి ఒక అరగంట ఎక్కువ వేసుకోండి. రోడ్డు నిండా ఎడ్లు, వాటిని తోలుకొచ్చిన రైతులు. ఒక కోడె సరిగ్గా నా కిటికీలో తల పెట్టింది. నేను కెవ్వుమన్నాను.

"అదేం జెయ్యది మేడం," అన్నాడు వీరేష్ వెనక్కి చూడకుండానే. "పాప చేతుల మక్కకంకి ఉన్నది గద. దాని వాసనకొచ్చింది."

నిత్య కంకి ఇచ్చేసింది. సుధాకర్ వనపర్తి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. అక్కడ టిఫిను చేశాం. పల్లీ చట్నీలో ఇడ్లీ ముంచుకుంటూ నిత్యకు ఒక మాట చెప్పాను. మనం తింటున్న పల్లీ, అందులోని మిరపకాయ, నువ్వు కోడెకిచ్చిన మక్కజొన్న, ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఆ నేలకు నడిచి చేరినవాళ్ళ పిల్లల పిల్లలు అడవి గడ్డిని తరతరాలుగా ఏరి, నాటి, మక్కజొన్నగా మార్చుకున్నారు. గాదెలు నిండాక ఊళ్ళు పెరిగాయి, ఆ ఊళ్ళలోంచి రాతి మెట్ల గుడులు కట్టిన మాయా వాళ్ళూ, కొండలను పొలాలుగా చెక్కిన ఇన్కా వాళ్ళూ వచ్చారు. గోపాల్‌పేట దాటి నాగర్‌కర్నూల్ పోయే దారి పొడవునా కళ్ళాల్లో పల్లికాయ కుప్పలు, ఎర్రగా ఆరబోసిన మిరప కనిపిస్తుంటే నిత్య ఒక్కోదాన్నీ వేలితో చూపిస్తూ, "ఇదీ వాళ్ళదే, ఇదీ వాళ్ళదే" అంటూ వచ్చింది.

బల్మూర్ దాటి అడవి అంచు ఊరికి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. లింగమ్మకు యాభై దాటి ఉంటాయి. అడవి కుటుంబాలంటే పాతకాలంలో ఆగిపోయినవాళ్ళని ఊహించుకునేవాళ్ళకు ఒక మాట: ఆమె మమ్మల్ని చూసి ముందు ఫోన్‌లో కొడుకుతో మాట్లాడడం ముగించి, తరువాత మంచం వాల్చింది. జొన్నరొట్టె, పల్లికారం పెట్టింది. నేనెందుకు వచ్చానో చెప్పాను. ఆమె రొట్టె చేస్తూనే విన్నది.

"గంత దూరం ఎందుకు పోయిన్రమ్మా ఆళ్ళు, ఉన్న జాగ ఇడ్సిపెట్టి?"

"తిండి కోసమంటారు. జంతువులు ఎటు పోతే అటు."

"పిల్లలనేసుకొనా?"

"అవును."

లింగమ్మ రొట్టె తిప్పేసింది. "ఎట్ల పానం పట్టిందో ఆ తల్లులకు," అంది.

ఎండ తగ్గాకే బయలుదేరదామంది. పొద్దు వాలకముందే తిరిగి రావాలని కూడా అంది. ఇప్పపూలు రాలే కాలం, వాటి కోసం గుడ్డెలుగులు, అంటే ఎలుగుబంట్లు, దిగుతాయట. ఆ మాటతో మిగిలిన రొట్టె పక్కన పెట్టేశాను. వీరేష్ కారు దగ్గరే ఉండిపోయాడు. నాలుగింటికి మేము నలుగురం అడవిలోకి నడిచాం.

ఎండుటాకులు కాళ్ళ కింద పెళపెళమంటున్నాయి. ఆ చప్పుడుకు మా వెనక ఇంకెవరో నడుస్తున్నట్టే ఉంటుంది. నేను లింగమ్మ కొంగు అందేంత దగ్గరగా నడిచాను. నిత్య దారిలో ఏదో ఒకటి ఏరుకుంటూ, సుధాకర్ దాన్ని కాచుకుంటూ వెనకబడ్డారు. కొంతసేపటికి దారి రెండుగా చీలింది. లింగమ్మ నడక ఆపకుండానే ఒక గుబురు మండ విరిచి, ఎడమ దారికి అడ్డంగా పడేసి, కుడివైపు తిరిగింది. నా కళ్ళ చుట్టూ సన్నని ఈగలు ముసురుకుంటున్నాయి. వంగి ఆ మండ తీసుకుని, విసురుకుంటూ ఆమె వెనకే నడిచాను. దాన్ని అక్కడ ఎందుకు వేసిందో నాకు తట్టనేలేదు.

చరియ దగ్గరికి చేరాం. పెద్ద గుండు కింద పొగచూరిన కప్పు, మూడు రాళ్ళ పొయ్యి, కూర్చునే చోట నున్నబడిన రాయి. నేను బొమ్మల కాగితాలు తీశాను. నాలుగు గీతలు గీశాక వెనక్కి చూశాను. వాళ్ళింకా రాలేదు. నిత్యా అని పిలిచాను. పలుకు లేదు. సుధాకర్‌ని పిలిచాను. దానికీ పలుకు లేదు. ఫోనులో సిగ్నల్ లేదు.

లింగమ్మ అప్పుడు నా చేతిని చూసింది. "గీ మండ ఏడిదమ్మా?"

చెప్పాను. ఆమె ముఖంలో రంగు మారడం నేను చూశాను. లేచి నిలబడింది. "అది తొవ్వ మూసే మండ. ఎనక వచ్చేటోళ్ళు అటు పోవద్దని ఏస్తం. మా దిక్కు దాన్ని ఎవ్వరు ముట్టరు. గందుకే చెప్పాలని కూడ నాకు తోచలే." గొంతు తగ్గించింది. "అటు ఇప్పచెట్లున్నయి. పిల్లతోని దిగింది గుడ్డెలుగు. మొన్న చూసిన."

అక్కడి నుంచి చీలిక దాకా ఎలా నడిచానో తెలియదు. చీలిక దగ్గర ఎడమ దారి దుమ్ములో నిత్య బూటు అచ్చు స్పష్టంగా ఉంది, పక్కనే సుధాకర్‌ది. ఆ చిన్న అచ్చును చూశాక నేను పరుగెత్తబోయాను. లింగమ్మ నా రెక్క పట్టుకుని ఆపింది.

"ఉరుకకు. కేకలు పెట్టకు. పిల్లతల్లి ఉలిక్కిపడ్డదంటే మీదికొస్తది. మాట్లాడుకుంట నడువు, మెల్లగ, మనుషులు వస్తున్నరని దానికి దూరం నుంచే తెల్వాలె."

"ఏం మాట్లాడను?"

"ఏదన్న. ఊకె ఆపకుంట."

నా తలలో ఒక్క మాట లేదు. దేవుడి పేర్లు కూడా గుర్తు రాలేదు. నోటికి వచ్చింది నా పుస్తకంలోని కథ ఒక్కటే. "అనగనగా సముద్రం వెనక్కి పోయింది," అన్నాను. "నీళ్ళ కింద దాగిన నేల బయటపడింది. ఆ నేల మీదికి మనుషులు నడిచారు. ముందెవరూ నడవని దారి. ముందు ఏముందో తెలియదు." లింగమ్మ నా ముందు ఒక్కో అడుగూ చూసి వేస్తోంది. మధ్యమధ్య "ఆఁ, ఆఁ" అని కథ వింటున్నట్టు గట్టిగా ఊకొడుతోంది. ఆమె చేయి పట్టుకున్నాను. ఆమె నా వేళ్ళను నాకంటే గట్టిగా పట్టుకుంది.

"నీకూ భయమా?" అన్నాను, కథ మధ్యలోనే.

"లేదనుకుంటివా? మా చిన్నమామను గిదే గీకింది. నువ్వు చెప్పు, ఆపకు."

వెలుతురు పసుపుపచ్చగా మారింది. చెట్ల కింద నీడలన్నీ నల్లటి వీపుల్లాగే ఉన్నాయి. ఇప్పపూల తీపివాసన మొదలైంది. నేను నడుస్తున్నాను, చెబుతున్నాను. మందల వెనక మనుషులు, మనుషుల వీపుల మీద పిల్లలు, చలికి గడ్డకట్టిన గాలి. ముందు పొదల్లో ఏదో పెద్దగా బుస్సుమంది. లింగమ్మ ఆగిపోయింది. నేనూ ఆగాను. మాట మాత్రం ఆపలేదు. "తల్లి వెనక్కి చూసింది," అన్నాను. కళ్ళ నీళ్ళు నోట్లోకి కారుతున్నాయి. "పిల్ల వస్తోందా అని వెనక్కి చూసింది." ఆ మాట నా పుస్తకంలో లేదు. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఇప్పచెట్ల అవతల ఒక నల్లటి వీపు లేచి, దాని వెనక ఇంకో చిన్న వీపు, రెండూ వాగు లోయవైపు ఆకులు చెదరగొట్టుకుంటూ దిగిపోయాయి. చప్పుడు తగ్గి, తగ్గి, పోయింది.

తరువాత, ఒక బండరాయి వెనక నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"అమ్మా, ఆ పేజీలో అట్లా లేదు."

సుధాకర్ రాయికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. నిత్య ఒళ్ళో ఉంది. చరియ దగ్గర నేను పిలిచిన పిలుపులు అందాయట. కానీ ఎలుగుబంటి అప్పటికే కళ్ళ ముందు ఉంది. నిత్య నోరు తన అరచేత్తో మూసి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. పొద్దుటి నుంచి నన్ను వెక్కిరించిన మనిషి పెదవులు తెల్లబడి ఉన్నాయి. నేను నిత్యను పట్టుకుని ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చాడు. లింగమ్మ మమ్మల్ని ఎక్కువసేపు ఏడవనివ్వలేదు. "పొద్దు వాలుతుంది, నడువుండ్రి. పోరి నడుమల ఉండాలె," అంది.

చీలిక దగ్గరికి వచ్చాక నేను ఆగాను. మండ ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని వదలలేదని అప్పుడే గమనించాను. ఎడమ దారికి అడ్డంగా పడేశాను. "ఇప్పుడు మన ఎనక ఎవరు లేరు గదమ్మా," అంది లింగమ్మ. తరువాత తానే వంగి, ఆకులు మాకు ఎదురుగా ఉండేలా దాన్ని సరిగ్గా తిప్పి పెట్టింది. "అయినా ఉండనియ్యి. రేపు ఎవరన్న వస్తరు."

ఇంటికి వచ్చి ఆ బొమ్మ మొత్తం మార్చాను. నాకు ఇన్నాళ్ళూ మొదట నడిచినవాళ్ళంటే ధైర్యవంతులు. ఇప్పుడు అలా అనిపించడం లేదు. వాళ్ళు నాలాగే వణికి ఉంటారు, ప్రతి చీలిక దగ్గరా. వాళ్ళ పేర్లు లేవు, వాళ్ళు వేసిన గుర్తులు ఏ గాలికో పోయాయి. కానీ వెనక వచ్చేవాళ్ళు దారి తప్పకుండా చేరారు. చేరకపోతే నాటినవాళ్ళుండరు, ఊళ్ళుండవు, వనపర్తిలో నా పల్లెంలో ఆ చట్నీ ఉండదు. కొత్త బొమ్మలో అందరూ ముందుకే చూస్తున్నారు, ఒక్క ఆడమనిషి తప్ప. ఆమె వెనక్కి తిరిగి, పుస్తకం చదివే పిల్లల కళ్ళలోకి చూస్తోంది. చేతిలో మండ ఉంది. నిత్యకు చూపించి, వీళ్ళకు భయం వేస్తోందా అని అడిగాను. వేస్తోందంది. మరి ఈమె దేనికి ఆగిందో తెలుసా అంటే, "నేనింకా రాలేదు కదా" అంది.

మీరు అటు వెళితే ఒక్క జాగ్రత్త. అనుమతి, తోడు మనిషి తప్పనిసరి, అవి అందరూ చెబుతారు. నేను చెప్పేది చిన్నది. ముందు నడిచేవాళ్ళు దారి మీద మండ వేసినా, రాయి పెట్టినా, దాన్ని ముట్టుకోకండి. అది మీకోసం వేసింది కాదు. మీ వెనక వస్తున్న మీవాళ్ళకోసం.