అంచు మీద జొన్నకంకి

నా సంచిలో ఎప్పుడూ ఒక రబ్బరు ఉండేది. పెన్సిలు గీతలు చెరిపే తెల్ల రబ్బరు. లైబ్రరీలో పనిచేసేవాళ్లకి ఇది మామూలు జబ్బే. పాఠకులు పుస్తకాల అంచుల్లో "భలే", "అంతా అబద్ధం", "చివరికి చచ్చిపోతాడు" అని రాసి తిరిగిచ్చేస్తారు. మేం తీరిక దొరికినప్పుడు కూర్చుని అవన్నీ చెరుపుతాం. తోటివాళ్లకి అది వెట్టిచాకిరీ, నాకు మాత్రం పండగ. మురికి కాగితం తెల్లబడుతుంటే కడుపు నిండినట్టుండేది. శుభ్రం విషయంలో నాకు కొంచెం పొగరు ఉండేదని ఒప్పుకుంటాను. ఆ పొగరు ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా లైబ్రరీ ఉప్పల్లో ఒక మేడ మీద మూడు గదులు. మేం గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం. మా ఆయనకి నాచారంలో మందుల కంపెనీలో ఉద్యోగం, నాకు లైబ్రరీలో కాంట్రాక్టు మీద సహాయకురాలి పని. తెలంగాణ ఇంకా రాలేదు కానీ వచ్చేలాగే ఉంది. తరచూ బంద్‌లు, ఉప్పల్ చౌరస్తాలో మెట్రో కోసం తవ్విన గుంతలు. రోజూ నాచారం నుంచి షేర్ ఆటోలో దుమ్ము తింటూ వచ్చేదాన్ని. మా లైబ్రేరియన్ భువనగిరి వైపు మనిషి. నోరు కాస్త పెద్దది, మనసు మెత్తన.

నాచారంలో ఒక పాత లితో ప్రెస్సు ఉండేది. రాళ్ల మీద బొమ్మలు గీసి, వాటితో రంగురంగుల లేబుళ్లూ క్యాలెండర్లూ అచ్చువేసిన ప్రెస్సు. అది మూతపడి చాలా ఏళ్లయింది. యజమాని వారసులు షెడ్డు ఖాళీ చేస్తూ, మిగిలిన బొమ్మల్ని మూడు చెక్కపెట్టెల్లో సర్ది మా లైబ్రరీకి ఇచ్చేశారు. వెంటనే పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ప్రతి కాగితానికీ నంబరు వేసి, కొలత, విషయం, గీసినవారు, ప్రస్తుత స్థితి అనే గళ్లు నింపి జాబితా తయారుచేయాలి. ఉగాది తర్వాత పెట్టెలు సిటీలోని పెద్ద లైబ్రరీకి వెళ్లిపోతాయి.

"ఈ పని మీదే మేడమ్," అన్నాడు లైబ్రేరియన్. "మీ అంత సాఫ్‌గ ఇంకెవరు జేస్తరు?"

ఆ మాటకి నేను ఉబ్బిపోయాను.

పెట్టెలు తెరిచాక ఇంటికి వెళ్లబుద్ధి అయ్యేది కాదు. బీడీకట్టల మీద పులి, దానికి మనిషి కనుబొమలు. రైలుబండి, అందులో ప్రయాణికులందరూ ఒకే మనిషి. పల్చటి కాగితం మీద ఒక ఏనుగు, తొండం ఎటు తిప్పాలో తేల్చుకోలేక ఐదు తొండాలు గీసి వదిలేశాడెవరో. ఎవరు వీళ్లు? ఎక్కడ కూర్చుని గీశారు? ఆ పులికి కనుబొమలిచ్చిన మనిషి కనుబొమలు ఎలా ఉండేవి? "గీసినవారు" అనే గడిలో రోజంతా "తెలియదు, తెలియదు" అని రాసి రాసి నాకు చిరాకు పుట్టేది. ఇంట్లో కూరలో ఉప్పేదని మా ఆయన అడిగితే కూడా "తెలియదు" అనేశాను.

కాగితాల అంచుల్లో చిన్నచిన్న పెన్సిలు గీతలు ఉండేవి. ఒకచోట చేప, ఒకచోట దువ్వెన, ఒకచోట నిచ్చెన, ఒకచోట జొన్నకంకి. గోరంత బొమ్మలు. ఏ గుమాస్తానో ఊసుపోక గీసి ఉంటాడనుకున్నాను. సంచిలోంచి రబ్బరు తీశాను. మొదటి పెట్టె సగానికి పైగా తళతళలాడించాను.

ఆ పెట్టెలోనే ఒక వింత కాగితం దొరికింది. అంతా తెలుపు, మధ్యలో ఎర్రటి ముక్కలు. రెండు పెదవులు, ఒక బొట్టు, రెండు చెంపల మీద పలచటి ఎరుపు, కింద ఒక రవిక అంచు. ముఖం లేదు. "ఎర్రటి మరకలు. పాడైన ప్రతి" అని రాసి, అంచు మీదున్న కంకిని చెరిపేశాను. ఆ కంకి మొండిది. బాగా నొక్కి గీసినట్టున్నాడు. గట్టిగా రుద్దాల్సివచ్చింది, కాగితం నూగు లేచింది కూడా.

మా దగ్గరికి రోజూ పొద్దున్నే పేపరు చదవడానికి ఒక పెద్దాయన వచ్చేవాడు. నాచారంలో ఏదో కంపెనీకి వాచ్‌మన్‌గా చేసి మానేశాడని మాత్రమే తెలుసు. ఒక కంట్లో శుక్లం. పేపరుని ముక్కుకి ఆనించుకుని చదివేవాడు. ఆ రోజు నీళ్లు తాగడానికి లేచి నా బల్ల పక్కగా వెళ్తూ ఆగాడు. ఆ ఎర్ర కాగితం మీదికి వంగాడు. నవ్వాడు.

"గిది నా రాయి, బిడ్డా."

"రాయేంటి తాతా?"

"లితో రాయి. గా ప్రెస్సుల ఇరవై ఏండ్లు జేసిన. వాచ్‌మన్ పని ఎన్కకొచ్చింది."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, ఒక బొమ్మని ఒక్కడు గీయడని. ఒక్కో రంగుకి ఒక్కో రాయి, తాండూరు బండకన్నా నున్నటి రాయి. ఒక్కో రాయికి ఒక్కో పనివాడు. పసుపువాడు పసుపు ఎక్కడెక్కడ పడాలో అంతవరకే గీస్తాడు, ఎరుపువాడు ఎరుపు. అన్నీ ఒకే కాగితం మీద ఒకదాని మీద ఒకటి పడితే అప్పుడు ముఖం అవుతుంది. నేను పాడైందన్న కాగితం ఎరుపు రాయిని విడిగా అచ్చువేసి చూసుకున్న ప్రూఫు. తలనూనె సీసా లేబులుది. ఆ నూనె మా అమ్మమ్మ వాడేది. ఆ సీసా మీది అమ్మాయి నాకూ గుర్తుంది.

"ప్రూఫు మంచిగొస్తె, ఫోర్‌మన్ సరే అన్నంక, ఆ రాయి ఎవ్వలిదో వాడు అంచు మీద వాని గుర్తు ఏస్తడు. మా పనోళ్లల్ల కొందరికి ఉర్దూ వస్తది, కొందరికి తెలుగొస్తది, కొందరికి ఏదీ రాదు. గందుకే గుర్తులు. చేప, దువ్వెన, నిచ్చెన గట్ల. పిలుసుకునుడు గూడ గా గుర్తులతోనే, అసలు పేర్లు నాకు యాదికి లేవు. మార్కెట్‌కు పోయే కాగితానికి అంచు కోసేస్తరు గద. అంచుతోని మేము గూడ బుట్టల పడ్తుంటిమి. ప్రూఫుల మీద ఒక్కటే మా గుర్తు ఉంటది. నాది జొన్నకంకి. యాడున్నది సూపియ్యి, నా కన్ను ఆనుత లేదు."

రబ్బరు ఇంకా బల్ల మీదే ఉంది. దాన్ని మెల్లగా జాబితా కింద దాచాను.

"ఇక్కడేం కనిపించట్లేదు తాతా," అన్నాను. అబద్ధం కాదు కానీ, నిజమూ కాదు.

ఎందుకడిగాడో ఆయనే చెప్పాడు. ఆయన భార్య ఎన్నడూ నమ్మలేదట. ప్రెస్సులో బొమ్మ వేస్తానంటే, రాళ్లు మోసే మనిషివి రాళ్లు మోసేవాడిలా మాట్లాడమనేదట. ఆయన ఇంటికొచ్చేసరికి భుజాల మీద రాతిపొడి ఉండేది మరి. సీసా చూపించి ఈ ముఖం నేనే వేశానంటే వాడకట్టంతా వినేలా నవ్విందట. "గా కంకి ఒక్కటి సూపిస్తె సాలు బిడ్డా. గీ పెట్టెలు పోయినంక నేను యాడికి పోయి సూపియ్యాలె?"

ఆ మధ్యాహ్నం లైబ్రేరియన్‌తో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"ఏంది మేడమ్, గిట్ల జేస్తిరి! ఎవరు గీసిన్రో తెల్వదు, తెల్వదు అని రోజంత రాస్తిరి. తెలిసేదాన్ని మీరే తుడిచి పారేస్తిరి."

ఎవరో కొట్టినట్టయింది. ఎందుకంటే అది అక్షరాలా నిజం. ఎవరు వీళ్లని నేను రోజూ అడిగిన ప్రశ్నకి, వాళ్లు కాగితం అంచునే జవాబు రాసి పెట్టారు. మొదటి పెట్టెలో మిగిలినవీ, మిగతా రెండు పెట్టెలూ ఆ సాయంత్రమే గాలించాను, ఇంకో కంకి ఎక్కడా లేదు.

మర్నాడు పెద్దాయన రాగానే చెప్పేశాను. నేనే చెరిపానని, మురికి అనుకున్నానని. ఆయన తిడితే బాగుండేది. "అట్లనా," అని పేపరు తీసుకుని కూర్చున్నాడు. పేజీ తిప్పలేదు. ఆ తర్వాత మూడు రోజులు రాలేదు. రెండు రోజులు బంద్, ఆటోలు లేవు, నేనే నాచారం నుంచి నడిచొచ్చాను. మూడో రోజు మాత్రం బంద్ లేదు. కోపమే అనుకుని నేను అన్నం సరిగ్గా తినలేదు.

అలా నడిచొచ్చిన పొద్దుల్లో ఒకసారి, తాళం తీసేసరికి ఎనిమిది కూడా కాలేదు. తూర్పు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా బల్ల మీద పడుతోంది. పసుపు ప్రూఫు ఒకటి అక్కడే ఉండిపోయింది. దాని అంచు మీద సన్నటి నీడలు కనిపించాయి. వంగి చూశాను. దువ్వెన! పెన్సిలు పొడి పోయింది కానీ, ములికి నొక్కిన గాడి కాగితంలో అలాగే ఉంది. ఎండ పక్కనుంచి పడితే ఆ గాడిలో నీడ నిలుస్తోంది.

నేను పిచ్చిదానిలా ఒక్కో కాగితం తెచ్చి ఆ ఎండలో పెట్టాను. కొన్నిటి మీద నిచ్చెన తేలింది, ఒకదాని మీద చేప తోక తేలింది. చాలావాటి మీద ఏమీ లేదు, మెత్తటి చేత్తో గీసిన వాళ్లవి పోయాయి. చివరికి ఎర్ర కాగితం పెట్టాను. ముందువైపు నా రబ్బరు లేపిన నూగు తప్ప ఏమీ కనిపించలేదు. ఏడుపొచ్చింది. కాగితం తిరగేశాను. వెనకవైపు, నొక్కిన గీతలు ఉబ్బెత్తుగా లేచి ఉన్నాయి. నిలువుగా ఒక కాడ, అటు మూడు గింజలు, ఇటు మూడు. ఒక గింజ మాత్రం పొట్టిది. వేలు పెట్టి తడిమితే తెలుస్తోంది.

నాలుగో రోజు పెద్దాయన వచ్చాడు. నేను పరుగెత్తి చెప్పాను. జ్వరమొచ్చిందట ఆయనకి, కోపం కాదట. ఆయన వేలుని కాగితం మీద పెట్టించాను. ఏళ్లకొద్దీ రాయి పట్టిన ఆ వేళ్లు మొద్దుబారిపోయాయి, ఆయనకి తెలియలేదు. "నువ్వు ఉన్నదంటె ఉన్నట్టే," అన్నాడు. కానీ ఆయన ముఖంలో ఉన్నట్టు లేదు.

"అవ్వని తీసుకురండి తాతా," అన్నాను.

ఉగాదికి వారం ముందు తీసుకొచ్చాడు. పొట్టి మనిషి, చీరకొంగు బిగించి దోపుకుంది. మేడమెట్లెక్కి వస్తూనే, గీ ముసలోని మాట ఇని నన్నెందుకు పిలిచినవ్ అన్నట్టు నా వైపు చూసింది. ఎర్ర కాగితం, పక్కనే రెండో పెట్టెలో దొరికిన, అన్ని రంగులూ పడిన లేబులూ పెట్టాను. ఏ రంగు ఎవరిదో చెప్పాను.

"ముఖమంత నేనే ఏసిన అంటివి గద," అంది మొగుడితో. "గీ పెదవులు, గీ బొట్టేనా?"

"ముఖంల ఇంకేముంటదే?" అన్నాడాయన.

లైబ్రేరియన్ నవ్వు ఆపుకోలేక అల్మారా వెనక్కి వెళ్లాడు. నేను ఆమెను చేతులు కడుక్కుని రమ్మన్నాను. కాగితం తిరగేసి, ఆమె చూపుడువేలు పట్టుకుని ఆ మూల మీద ఆనించాను. అక్కడ ఏముందో నేను చెప్పలేదు. ఆ వేలు పైకి వెళ్లింది, కిందికి వచ్చింది. పొట్టి గింజ దగ్గర ఆగిపోయింది.

"గిది మా బిందెది," అంది.

"ఏ బిందె అమ్మా?"

"నల్లా కాడ వరుసల పెట్టే ఇత్తడి బిందె. మా పెండ్లయిన యాడాది మేకుతోని చెక్కిండు, వేరేటోళ్ల బిందెలల్ల కలిసిపోవద్దని. రోజు చింతపండు పెట్టి తోముత, నాకు తెల్వదా? ఒక గింజ పొట్టిది. మా బిందె గుర్తు గీడికెట్లొచ్చింది?"

అడిగాక ఆమెకే అర్థమైంది. కాగితం ముందువైపుకి తిప్పించి ఆ పెదవుల్ని చాలాసేపు చూసింది.

"నలబై ఏండ్లు గా నూనె రాస్కున్న," అంది మెల్లగా. "సీస మీద నీ చెయ్యి ఉండెనా?"

"జెప్పిన గద."

"జెప్తె సూపియ్యొద్దా?"

"అంచు కోసిండ్రు గదనే."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకూ కళ్లు తడిశాయి, సిగ్గుపడలేదు.

ఆ సాయంత్రం ఆ కాగితం నమోదు కొట్టేసి మళ్లీ రాశాను. "ఎర్రటి మరకలు" పోయింది. గీసినవారు అనే గడిలో రంగు వారీగా రాశాను. పసుపు రాయి: దువ్వెన గుర్తు పనివాడు, పేరు తెలియదు. ఎరుపు రాయి: ఆయన పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా. ఆ పేరు ఇక్కడ రాయను, రాయాల్సిన చోట రాశాను. ఆధారం: ఇంటి బిందె మీది గుర్తు, భార్య వేలితో తడిమి పోల్చింది. స్థితి: అంచు మీది పెన్సిలు గుర్తుని జాబితా రాసిన మనిషి మురికి అనుకుని చెరిపింది.

"ఆఖరు లైను అవసరమా మేడమ్?" అన్నాడు లైబ్రేరియన్. "మీది కాంట్రాక్టు నౌకరి. పైనోళ్లు సదువుతరు."

"అవసరమే సార్," అన్నాను. ఆయన నిట్టూర్చి సంతకం పెట్టాడు.

ఉగాది వెళ్లాక పెట్టెలూ వెళ్లిపోయాయి. మరుసటి ఏడు తెలంగాణ వచ్చింది. నేను ఇంకా నాచారంలోనే ఉన్నాను. ఎక్కడైనా నల్లా దగ్గర బిందెలు వరుసగా కనిపిస్తే ఇప్పటికీ ఆగిపోతాను. ఏదైనా పాత ఇత్తడి బిందె ఉంటే దాని మెడ చుట్టూ వెతుకుతాను. బిందె ఎత్తుకుపోయేదాన్ని అనుకుని ఆడవాళ్లు ఒకటి రెండుసార్లు కసిరారు కూడా. నేను వెతికేది చేప గుర్తు కోసం. దాన్ని నేను పదకొండు కాగితాల మీద చెరిపాను, ఆ బిందె తోమే మనిషి నాకింకా దొరకలేదు.