నలభై మూడు మీటల లోటు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టగానే పాఠకులు నన్ను యాభై ఏళ్ల వెనక్కి తీసుకుపోయి, చేతికి పలక ఇచ్చి కూర్చోబెట్టబోతారు. అంత శ్రమ అవసరం లేదు. నేను చెప్పబోయే ఆ రోజులు నాలుగు సంవత్సరాల కిందటివి. అప్పుడు నా వయస్సు అరవై మూడు సంవత్సరాల అయిదు నెలలు. అయినా ఒక గురువారం నుంచి ఆ పై వారపు ఆదివారం దాకా గడచిన ఆ పదకొండు రోజులను నేను నా యౌవనంలోనే జమకట్టుకుంటాను. అందుకు కారణం లెక్కతో సహా చెప్పగలను. ఆ పదకొండు రోజుల్లో నేను తొమ్మిది గోడలు దూకాను, మెట్ల కింద నక్కి తుపాకి పేల్చాను, ముప్పై నాలుగు సార్లు మరణించాను. అసలు యౌవనంలో, అనగా హనుమకొండలో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టుకుని పిల్లలకు పాఠాలు చెప్పిన కాలంలో, ఇందులో ఒక్కటీ చేయలేదు. అప్పుడు నా పని పిల్లలు టైపు చేసిన కాగితం మీద తప్పుల కింద గీతలు గీయడం, గీతలు లెక్కపెట్టడం, ఆ అంకెను పుస్తకంలో ఎక్కించడం. ఇరవై తొమ్మిది సంవత్సరాలు ఆ పని చేసినందుకు విద్యార్థులు నాకు ‘ఎర్ర పెన్సిల్ సార్’ అని బిరుదు ఇచ్చారు (ఎదురుగా ఎవరూ ప్రదానం చేయలేదు, గోడ మీద రాయగా చదువుకున్నాను).

మా కూతురి కూతురు అప్పుడు ఇంజనీరింగ్ రెండవ సంవత్సరం చదువుతూ మా ఇంట్లో ఉండేది. ఆమె తల్లిదండ్రులది తొర్రూరు. కాలేజీలో అయిదుగురు పిల్లలు ఎవరింట్లో వారు కంప్యూటర్ ముందు కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ తుపాకుల ఆట ఆడే జట్టు ఒకటి ఉండేది. నలుగురు అబ్బాయిలు, అయిదవది మా మనుమరాలు. శత్రువు దాగిన గదిలోకి అందరికంటె ముందు దూసుకుపోవలసిన బాధ్యత ఆమెది కనుక జట్టులో ఆమె పేరు ‘బుల్లెట్’. ఆ ఆట కోసమే ఆమె ఒక చిన్న కీబోర్డు కొనుక్కున్నది. దానికి తీగ లేదు. కంప్యూటర్‌కు గుచ్చిన గోరంత రిసీవర్‌కు అది గాలిలోనే కబురు పంపుతుంది. ప్రతి మీట కింద విడిగా ఒక స్ప్రింగు స్విచ్చు ఉండడం వల్ల టకటకమని స్పష్టంగా పలుకుతుంది. ఆ శబ్దం మొదటిసారి విన్న పూట నేను చదువుతున్న పత్రిక మడిచి, ఆమె గది గుమ్మంలో ఆరు నిమిషాలు ఊరకే నిలబడ్డాను.

ఆ గురువారం సాయంత్రం అయిదు గంటల ఇరవై నిమిషాలకు పిల్ల కాలేజీ నుంచి వచ్చి, సంచి మూలన పెట్టి, వాళ్ల అమ్మమ్మ ఇచ్చిన చాయ తాగకుండా కూర్చున్నది. సంగతి రాబట్టడానికి కొంతసేపు పట్టింది. వరుసగా మూడు మ్యాచుల్లో, సరిగ్గా శత్రువు ఎదురైన క్షణంలో ఆమె బొమ్మ కదలకుండా నిలబడిపోయిందట. జట్టు కెప్టెన్ (మర్యాదస్తుడే గాని నోటికి తాళం లేని కుర్రవాడు) అందరి ముందూ ఒక మాట అన్నాడట: “నీకు బుల్లెట్ అని పేరు వెట్టినం. నువ్వేమో కరెంటు స్తంభం లెక్క నిలవడ్తానవ్.” ఆ పై వారం ఆదివారం ఒక మ్యాచు ఉంది, అందులో కూడా ఇట్లాగే అయితే ఆమె స్థానంలో మరొకరు వస్తారు. కాలేజీల పోటీకి ఆ మరొకరే పోతారు. కీబోర్డు అమ్మిన సేఠ్‌కు ఫోన్ చేస్తే, మాల్ మంచిదే, కొత్త చెయ్యి వణుకుతుందని ఆయన తీర్పు చెప్పాడట.

“నేను నొక్కుతనే ఉన్న తాతా,” అన్నది పిల్ల. “అది కదుల్తలేదు.”

ఒక మనిషి చెయ్యి మీద నింద పడినప్పుడు యంత్రాన్ని పరీక్షించకుండా తీర్పు చెప్పడం నా వృత్తిధర్మానికి విరుద్ధం. రేపు ఉదయం పది గంటలకు ఆ వస్తువును నా ముందు పెట్టుమన్నాను. వద్దు తాతా, నీకు గివన్నీ తెల్వయి అని ఆమె అన్న మాట నాకు వినిపించింది, నమోదు చేయలేదు.

శుక్రవారం పది గంటలకు పరీక్ష ప్రారంభించి, పది గంటల పన్నెండు నిమిషాలకే ఘోరమైన మోసం బయటపెట్టాను. మా ఇంట్లోని పాత కీబోర్డుకు మీటలు నూట నాలుగు. కొత్తదానికి అరవై ఒకటి. బాణం గుర్తుల మీటలు లేవు, కుడిపక్కన అంకెల గుంపు లేదు, పై వరుస మొత్తమే లేదు. మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ లోటు నలభై మూడే. వెంటనే ఒక తెల్లకాగితం మీద ‘విషయం: నలభై మూడు మీటలు తక్కువగా సరఫరా చేయుట గురించి’ అని శీర్షిక పెట్టి, లేని మీటల జాబితా వరుస సంఖ్యలతో జతచేసి, హనుమకొండ చౌరస్తా పక్కనున్న సేఠ్ దుకాణానికి స్వయంగా పోయి ఇచ్చాను. సేఠ్ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. జాబితా కూడా విడిచిపెట్టలేదు. దుకాణంలో అప్పుడు మరో ఇద్దరు కొనుగోలుదారులు ఉన్నారు. వారు కూడా సేఠ్ భుజం మీదుగా చదివారు.

“సార్, అది గంతనే ఉంటది,” అన్నాడు సేఠ్ ఎంతో గౌరవంగా. “మౌస్ తిప్పనీకి జాగ కావాల్నని పిల్లలే చిన్నది అడుగుతరు. మీరు ఫికర్ చెయ్యకున్రి, మీటలు నేనేం దాసుకోలే.”

ఇంటికి వచ్చి టేపుతో కొలిచాను. పాతది నలభై నాలుగు సెంటీమీటర్లు, కొత్తది ఇరవై తొమ్మిది. పదిహేను సెంటీమీటర్ల జాగా కుడిచేతికి మిగులుతున్న మాట నిజమే. నా నివేదిక మీద నేనే ఎర్ర పెన్సిల్‌తో అడ్డగీత కొట్టుకున్నాను; నా కాగితం మీద నా పెన్సిల్ ఆడడం అదే మొదటిసారి. సంగతి తెలిసి మనుమరాలు చేతులు జోడించింది. నీకు దండం పెడ్త తాతా, మళ్ల సేఠ్ దగ్గరికి పోకు అన్నది.

రెండవ పరీక్ష నాకు తెలిసిన పద్ధతిలో జరిపాను. కీబోర్డును, గోరంత రిసీవర్‌ను భోజనాల బల్ల మీదికి తెచ్చి, రిసీవర్‌ను నా ల్యాప్‌టాప్‌కు గుచ్చి, మీటలు కనబడకుండా చేతుల మీద తువ్వాలు కప్పుకుని (ఇన్‌స్టిట్యూట్‌లో చూడకుండా కొట్టడం నేర్పే పద్ధతి ఇదే) పది నిమిషాల చొప్పున టైపు చేశాను. శనివారం నుంచి మంగళవారం దాకా పద్దెనిమిది విడతలు అయ్యాయి. నేను నొక్కిన ఏ అక్షరమూ తెర మీద పడకుండా పోలేదు. మీటలు మెత్తగా దిగుతున్నాయి, సమంగా లేస్తున్నాయి. నా జీవితంలో అంత నిజాయితీ గల యంత్రాన్ని చూడలేదు. మంగళవారం సాయంత్రం ఆ ఫలితం చదివి వినిపించేటప్పుడు నా గొంతులో మెచ్చుకోలు ధ్వనించి ఉంటుంది. పిల్ల ముఖం చూసిన తరువాత గాని, నేను చదువుతున్నది ఎవరికి వ్యతిరేకంగా ఇచ్చిన సాక్ష్యమో నాకు తోచలేదు.

“అంటే నా చెయ్యే తాతా,” అన్నది ఆమె. “ఆదివారం దాక ఎందుకు, నేనే తప్పుకుంట అని కెప్టెన్‌కు చెప్త.”

మరునాడు ఉదయం మా ఇంటామె సర్వపిండి పెనం దగ్గర నిలబడి నన్ను నిలదీసింది. “ముప్పై ఏండ్లు మంది పిల్లల తప్పులు దేవులాడితివి. ఇంట్ల పిల్లనన్న జర ఇడిచిపెట్టరాదు?” నేను అంకెలు అంకెలేనన్నాను. ఆమె పిండి తిప్పుతూ, ఆ పిల్ల ఆట ఆడేది ఆ గదిలో, నువ్వు టైపు కొట్టింది ఈ బల్ల మీద, ఇదేం లెక్క అన్నది. నేను పళ్లెం పక్కన పెట్టి లేచాను. మా ఇన్‌స్టిట్యూట్‌లో పదకొండు మిషన్లకు పదకొండు నంబర్లు, వాటి బల్లలకు కూడా అవే నంబర్లు; ఒక మిషన్‌ను మరొక బల్ల మీద పరీక్షించకూడదన్నది నేను పెట్టిన నియమమే. బల్ల కాలు ఊగితే అక్షరం ఊగుతుందని ఎన్ని వందల మందికి చెప్పానో! అటువంటి నేను నాలుగు రోజులు తప్పుడు బల్ల మీద పరీక్ష చేశాను.

బుధవారం నుంచి పరీక్ష మనుమరాలి గదికి మారింది. కెప్టెన్‌తో ఏమీ చెప్పవద్దని, శనివారం దాకా ఆగమని ఆమెను ఒప్పించాను. ఏ మీటనైనా వందసార్లు నొక్కడం, తెర మీద ఎన్ని పడ్డాయో చూడడం పద్ధతి. నేను నొక్కుతుంటే మా ఇంటామె పక్కన కూర్చుని ఒక్కో నొక్కుకు ఒక్కో చింతగింజ గిన్నెలో వేసేది. పిల్ల కాలేజీ నుంచి వచ్చాక ఆట కూడా తప్పలేదు; ఆటలో చెడిపోయే యంత్రాన్ని ఆటలోనే చూడాలి కదా. నా మొదటి మరణం బుధవారం సాయంత్రం ఆరు గంటల యాభై నిమిషాలకు సంభవించింది. గోడకు ఎదురుగా నిలబడి, గోడనే శత్రువనుకుని పేలుస్తుండగా వెనక నుంచి ఎవరో కాల్చారు. తరువాతి మరణాలను ‘కీబోర్డు వల్ల’, ‘నా వల్ల’ అని రెండు గడులలో రాసుకున్నాను. మా ఇంటామె రెండవ గడి చాలదని పక్కన మరో గీత గీసింది.

శుక్రవారం సాయంత్రానికి పన్నెండు విడతలు పూర్తయ్యాయి. ఏడింటిలో వందకు వంద పడ్డాయి. అయిదింటిలో మాత్రం ఎనభై తొమ్మిది, తొంభై మూడు, ఎనభై ఆరు, ఇట్లా తగ్గాయి. మీటలు తప్పుతున్నాయి, కాని ఎల్లప్పుడూ కాదు. నా పుస్తకంలో ప్రతి విడతకూ సమయం, ఫ్యాను, తలుపు, బల్ల మీదున్న వస్తువులు, కంప్యూటర్‌కు గుచ్చిన వస్తువులు అన్నీ రాసి ఉన్నాయి (చాయ గ్లాసు కూడా రాశానని ఇంట్లో ఇద్దరూ నవ్వారు). స్కేలు అడ్డం పెట్టుకుని ఒక్కొక్క గడి కిందికి దిగుతూ వచ్చాను. ఆ అయిదు విడతల్లోనూ ఉండి, ఆ ఏడింటిలోనూ లేనిది ఒక్కటే: నల్ల హార్డ్ డిస్కు. మ్యాచు రికార్డు చేయవలసి వచ్చినప్పుడు మాత్రమే పిల్ల ఆ డబ్బాను కంప్యూటర్ వెనక, గోరంత రిసీవర్‌ను ఆనుకుని ఉన్న రంధ్రంలోనే గుచ్చేది. ఆ మూడు రోజుల్లో సాధన ఆటల రికార్డు దానిలోకి ఎక్కుతున్నప్పుడు జరిగినవే ఆ అయిదు విడతలు. ప్రతి మ్యాచూ తప్పకుండా రికార్డు చేయవలెనని జట్టుకు ఆజ్ఞాపించినవాడు ఎవరయ్యా అంటే, కెప్టెన్. ఆ డబ్బా పనిచేస్తున్నప్పుడు దాని వైరు రొద పక్కనున్న రిసీవర్ చెవిలో పడి, కీబోర్డు కబురు వినబడదని మనుమరాలు తరువాత ఎక్కడో చదివి చెప్పింది. కారణం నాకు అప్పుడు తెలియదు. అంకెలు తెలుసు, అవి చాలు.

శనివారం ఉదయం కెప్టెన్‌ను ఇంటికి రప్పించాము. నా నాలుగు పుటల నివేదిక చూసి అతడు, ఇదంతా వద్దు తాతా, నోటితో చెప్పున్రి అన్నాడు. నేను చెప్పలేదు. డిస్కు గుచ్చి, రికార్డు మొదలుపెట్టించి, అతడి చేతనే వందసార్లు నొక్కించాను. గింజలు మా ఇంటామె వేసింది. గిన్నెలో వంద, తెర మీద ఎనభై ఎనిమిది. ఆపైన ఒక చిన్న పొడిగింపు వైరుతో రిసీవర్‌ను కంప్యూటర్ ముందు వైపుకు, కీబోర్డు దగ్గరకు తెచ్చి మళ్లీ నొక్కమన్నాను. గిన్నెలో వంద, తెర మీద వంద. కుర్రవాడు నమ్మక మరో రెండుసార్లు నొక్కాడు. రెండుసార్లూ వంద.

“చెయ్యిది కాదు, ఒప్పుకున్న,” అన్నాడు చివరికి, గిన్నె వైపే చూస్తూ. “కని రేపు గెలుసుడు గింజలతోని కాదు తాతా. రేపు జూద్దాం.”

అందులో న్యాయముంది. తన చేతి మీద తనకే అనుమానం పుట్టి నాలుగు రోజులైంది ఆ పిల్లకు. నివేదికతో అది పోతుందన్న హామీ నేనెక్కడా రాయలేదు. ఆదివారం ఉదయం పదకొండు గంటలకు మ్యాచు. నేను ఆమె వెనక కుర్చీ వేసుకుని, ఒక్కో రౌండుకు ఎన్నిసార్లు మీట తప్పి బొమ్మ ఆగిందో రాయడానికి పుస్తకం తెరిచాను. మొదటి మూడు రౌండ్లలో ఆమె బొమ్మ గది గుమ్మం దాకా పోయి, లోపలికి అడుగు పెట్టడానికి సంకోచించింది. మీట ఆగలేదు, పిల్ల ఆగింది. నాలుగవ రౌండులో దూసుకుపోయింది. ఆ తరువాత నాకు ఆట అర్థమైన మేరకు చెబుతున్నాను: రెండు జట్లూ సరిసమానమై ఆఖరి రౌండు వచ్చేసరికి మా వైపు నలుగురు అబ్బాయిలూ చచ్చిపోయారు. మా పిల్ల ఒక్కతే మిగిలింది. ఎదుట ముగ్గురు. స్పీకరులో కెప్టెన్ గొంతు నెమ్మదిగా, నువ్వు జేస్తవ్ అన్నది. ఎడమచేతి కింద ఆ అరవై ఒక్క మీటలు వాన పడ్డట్టు మోగాయి. పిల్ల ఎడమకు జరిగింది, ఒకడు పడ్డాడు; కిందికి వంగింది, రెండవవాడు పడ్డాడు; మూడవవాడు ఎక్కడున్నాడో నేను చూసేలోపే అంతా అయిపోయింది.

స్పీకరులో నలుగురూ ఒక్కసారే అరిచారు. ఆ గోల తగ్గాక కెప్టెన్ అన్నాడు: “బుల్లెట్, పోటీకి నువ్వే. నీ జాగల ఇంకెవ్వరు రారు.” ఆమె హెడ్‌ఫోను తీసి, వెనక్కి తిరిగి, తన ఎడమచేతిని నా ముందు చాచింది. అయిదు వేళ్లూ వణుకుతున్నాయి. ఆమె నవ్వుతున్నది.

ఆ వారంలోనే జట్టు పిల్లలు నలుగురూ తమ తమ కీబోర్డులు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. సేఠ్ కూడా రెండు పంపించి, జర చూసి చెప్పున్రి సార్ అని కబురు పెట్టాడు. అవన్నీ తేదీలతో సహా పుస్తకంలో ఉన్నాయి. మొన్న ఏదో వెతుకుతూ ఆ ఆదివారం పుట తీశాను. పైన సమయం, ఉష్ణోగ్రత, రిసీవర్ దూరం ముత్యాల్లాంటి దస్తూరితో ఉన్నాయి. కింద రౌండ్ల వరుస: ఒకటి నుంచి పదిహేడు దాకా ప్రతి గడిలోనూ సున్న. పద్దెనిమిది నుంచి ఏమీ లేదు. మ్యాచు ముగిసిన సమయం లేదు, ఎన్నికి ఎన్ని రౌండ్లు గెలిచారో లేదు. పద్దెనిమిదవ రౌండు నుంచి నేను కుర్చీ మీద ఎక్కి నిలబడి ఉన్నానని మా ఇంటామె నాలుగేళ్లుగా చెబుతున్నది. రాతపూర్వకమైన ఆధారం లేనందున ఇంతకాలం ఆ ఆరోపణను తోసిపుచ్చుతూ వచ్చాను. ఆ ఖాళీ గడులను చాలాసేపు చూసి, అరవై మూడేళ్ల అయిదు నెలల ఆ కుర్రవాడు ఎంత ఎత్తున నిలబడ్డాడో తెలుసుకుందామని కుర్చీ దగ్గరకు టేపు తీసుకుపోయాను. నేల నుంచి నలభై ఆరు సెంటీమీటర్లు. ఇప్పుడు నా మోకాళ్లు అంత ఎత్తు ఎక్కవు.